ఓర్ఫెలీనా ఎడమ చెంప

ఇప్పటి పిల్లలు జుట్టు కత్తిరించుకోడానికి నా కుర్చీలో కూర్చోగానే ఫోను తీసి చూపిస్తారు. "సునీల్దా అత్తా, రెటినాల్ నాకు పడటంలేదు, మొహం భగ్గుమంటోంది. దాని బదులు మొక్కలదేదైనా చెప్పవా? ఇండియాలో ఏవో బావంచాల గింజల్లోంచి తీస్తారట, అది మంచిదా, మన అడవిగులాబి నూనె మంచిదా?" అని అడుగుతారు. నేను ముందు వాళ్ళ చెంప మీద వేలు పెట్టి చూస్తాను. జిడ్డుదా, పొడిదా, ఊరికే కందిపోయేదా? అది చూసుకోకుండా ఏ నూనె మంచిదని అడగడమంటే కాలు చూపించకుండా చెప్పులు కుట్టమనడమే. ఈ మాట అంటే మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనీ. ఈ పరీక్షలన్నీ వీళ్ళు పుట్టకముందే ఈ గదిలోనే, ఈ కట్టెల పొయ్యి పక్కనే, మా నాలుగు మొహాల మీద మేం చేసేశాం. అదంతా ఓర్ఫెలీనా కోసం.

మా చిలీలో సైన్యం గద్దె దిగిన ఏడాది అది. మా లోంకిమాయ్‌కి కబురు రావాలంటే రేడియోనే దిక్కు. భోజనాల వేళకి టెముకో పట్నం రేడియోవాడు కొండల్లో వాళ్ళ కబుర్లు వరసగా చదివేవాడు. ఫలానా ఆయనకి ఆపరేషన్ అయింది, కులాసా. ఫలానా ఆవిడ బుధవారం బస్సు దిగుతుంది, గుర్రం తీసుకుని ఎదురు రండి. ఎవరి కబురైనా ఊరందరి కబురే. గిన్నెలో గరిటె తిప్పడం కూడా ఆపి వినేవాళ్ళం.

ఏప్రిల్లో, మాకు ఆకులు రాలే రోజుల్లో, ఒక మధ్యాహ్నం వాడు చదివాడు. "లోంకిమాయ్‌లో ఓర్ఫెలీనా కాంపోస్ గారికి. నా కాగితాలు వచ్చాయి. అక్టోబరులో ఇంటికి వస్తున్నాను. నీ భర్త ఎరిబెర్తో."

ఎరిబెర్తో కలప కోత మిల్లులో కార్మిక సంఘం మనిషి. పదిహేడేళ్ళ కిందట సైన్యం గద్దెనెక్కిన వారంలోనే గుర్రమెక్కి కొండ దాటాడు. అటునుంచి ఎక్కడెక్కడో తిరిగి చివరికి స్వీడన్ చేరాడు. వెళ్ళేటప్పుడు జేబులో పెళ్ళాం ఫోటో ఒకటి పెట్టుకెళ్ళాడు. అప్పుడామెకి ఇరవై తొమ్మిది. అవతల మంచంలో అత్తగారు, ఇవతల మేపాల్సిన గొర్రెలు. ఎక్కడికీ కదల్లేకపోయింది. ఆయన తన ఫోటోలు పంపుతూ, ఆవిడది ఇంకోటి పంపమని ఎన్నిసార్లు అడిగినా ఆవిడ పంపలేదు. ఫోటోలవాడు ఊళ్ళోకొస్తే చాలు, ఆవిడకి జ్వరమొచ్చేది.

ఆ మధ్యాహ్నం ఆమె గోధుమలు వేయిస్తోంది. ఊరందరికీ పేలపిండి ఆవిడ చేతిదే కావాలి. పొడుగు పిడి ఉన్న ఇనప మంగలాన్ని నిప్పుల మీద అలా ఊపుతూ ఉంటే ఒక్క గింజ మాడేది కాదు. ఆ రోజు మంగలం మొత్తం బొగ్గయింది. మసి చేతులతోనే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఏళ్ళ తరబడి నా దగ్గర జుట్టు కత్తిరించుకుంటూ కూడా కళ్ళు మూసుకునే మనిషి, ఆ రోజు అద్దంలోకి తేరిపార చూసింది.

"సునీల్దా, ఎవరే ఈవిడ?" అంది.

"ఎవరేంటక్కా, నువ్వే."

"ఆయన నాకోసం వస్తున్నాడు. ఈవిడ కోసం కాదుగా. ఈవిణ్ణి చూసి ఏమంటాడే?"

నేను నవ్వి ఊరుకోబోయాను. ఆవిడ నవ్వలేదు. వచ్చే అక్టోబరుకి ఆ ఫోటోలో మొహం తిరిగి రావాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే. మర్నాడే బస్సెక్కి టెముకో వెళ్ళి మందుల షాపులో విటమిన్ ఎ క్రీము తెచ్చుకుంది. రెటినాల్ అనే మాట మేం మొదటిసారి చదివింది ఆ గొట్టం మీదే. బఠాణీ గింజంత చాలని దాని మీద రాసి ఉంటే, ఓర్ఫెలీనా రొట్టెకి వెన్న రాసినట్టు రాసింది. పైగా మా కొండ ఎండ, కొండ గాలి. వారం తిరిగేసరికి మొహం ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడి వచ్చింది.

"ఆయనొచ్చేసరికి మొహం మారడం కాదు, అసలు మొహమే ఉండదు," అని నేనే ఆ గొట్టం పొయ్యిలో పడేశాను. "మొక్కలతో చూద్దాం. మెల్లగా."

నేను టెముకోలో ఆరునెలలు సౌందర్యం కోర్సు చదివొచ్చాను. చదివిందాంట్లో గుర్తున్నది ఒకే ఒక్కటి. ఏది పరీక్షించినా సగం మొహం మీదే పరీక్షించాలి, రెండో సగం పోల్చి చూసుకోవడానికి అలా వదిలెయ్యాలి. ఆ నియమం నేను పెట్టాను. తేలేదాకా ఎవరూ దాటకూడదని ఒట్టు వేయించాను. ఓర్ఫెలీనా ఒక్కదాని మీదే చేస్తే ఏం తెలుస్తుందని ఇంకో ఇద్దర్ని లాగాను.

ఒకతి రొట్టెల నెలీదా. బట్టీ ముందు బతుకు. ఆమె నుదుటి మీద జిడ్డుతో గుడ్డు వేయించొచ్చని మేమే ఏడిపించేవాళ్ళం. రెండోది మేకల ఉబెర్లిందా. గాలికీ మంచుకీ ఎండి బీటలు పోయిన చర్మం ఆమెది. నవ్వితే పగులుతుందేమోనని మాకు భయం వేసేది. మూడో మొహం నాది. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే కందిపోయే రకం. ఓర్ఫెలీనాది ఇటు జిడ్డూ కాదు, అటు పొడీ కాదు, వయసొచ్చిన చర్మం. నాలుగు రకాలూ ఒక్క గదిలోనే దొరికాయి.

ఊరి చుట్టూ కంచెలనిండా అడవిగులాబి కాయలు ఎర్రగా పండి ఉన్నాయి. కండ తీసి జామ్ చేసుకుని, గింజలు కోళ్ళకి పారబోసేవాళ్ళం. ఈసారి గింజలు దాచాం. ఉబెర్లిందా వాళ్ళింట్లో ఆపిల్ రసం తీసే చెక్కమర ఉంది. దానిలో పిండుదామనుకున్నాం.

"అలా పచ్చిగా ఎలా పిండుతారే? గింజకి ప్రాణం వచ్చేది మంగలంలోనే," అని ఓర్ఫెలీనా మా చేతుల్లోంచి గంప లాక్కుంది. మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మా ఊళ్ళో గోధుమలు వేయిస్తాం, కొండ గింజలు వేయిస్తాం, కాఫీ అంటూ బార్లీ కూడా వేయిస్తాం. వేయించని గింజ మాకు గింజే కాదు. ఆవిడ కమ్మగా, దోరగా వేయించి ఇచ్చింది. నూనె కూడా ధారగా దిగింది. చిక్కటి టీ రంగులో, గది గదంతా పేలపిండి వాసనతో ఉంది. ఎంత మంచి నూనె అని మేమే మురిసిపోయాం.

ఓర్ఫెలీనా కుడి చెంపకి అది, ఎడమ చెంపకి ఏమీ లేదు. మిగతావాళ్ళకీ ఒక సగానికే, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అడవి హేజెల్ గింజల నూనె ఒకటి తీశాం. క్యారెట్ తురుము నూనెలో నానేసి, విటమిన్ ఎ అంటే ఇదేగా అని ఇంకొకటి తయారు చేశాం. పుళ్ళకి వేసే మతీకో ఆకు మరిగించిన నీళ్ళు ఒక సీసాలో పోశాం.

జూన్‌లో మొదలైన ఆ చలికాలం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె నిండుతుంది. బయట నడుం లోతు మంచు. శనివారం శనివారం ఇక్కడే పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. మతే అనే ఆకు టీ గిన్నె ఒకే గొట్టంతో చేతులు మారుతూ తిరిగేది. నేను దీపం పట్టుకుని ఒక్కొక్కరి మొహం జడ్జిలా చూసేదాన్ని. నెలీదా ఎడమ సగం క్యారెట్ నూనెకి పసుపుపచ్చగా మారింది.

"ఒక పక్క నుంచి చూస్తే రొట్టెలమ్మి, ఇంకో పక్క నుంచి చూస్తే గుమ్మడికాయ," అంది ఉబెర్లిందా.

"నీ మొహం మాత్రం? సగం మేక, సగం మనిషి. ఏ సగం ఏదో నేను చెప్పను, నువ్వే కనుక్కో వదినా."

చర్చి పూజల్లో కొవ్వొత్తుల వెలుగుకి మా నలుగురికీ ఒక చెంపే మెరిసేది. పాదిరి ప్రసంగం మధ్యలో ఆగి మా వైపు చూసి, ఏం ప్రసంగిస్తున్నాడో మరిచిపోయాడు ఒకసారి. ఓర్ఫెలీనా మాత్రం మా జోకులకి నవ్వుతూనే ప్రతి శనివారం అదే ప్రశ్న వేసేది. "తేడా కనిపిస్తోందా? నిజం చెప్పు." "కనిపిస్తోందక్కా," అనేదాన్ని. ఊళ్ళో అందరూ కనిపిస్తోందనే అనేవాళ్ళు. కనిపించాలని అందరికీ ఉంది మరి.

ఆగస్టులో, ఇంకా మంచు కరగకముందే, బయటపడింది అసలు సంగతి. ఉబెర్లిందాకి మొదట్నుంచీ ఓపిక తక్కువ. మంగలం దాకా వెళ్ళే తీరికలేక గుప్పెడు గింజలు పచ్చిగానే నలగ్గొట్టి పిండుకుంది. రవ్వంత నూనె దిగింది, బంగారు ఎరుపులో. అది నెలీదా చేతి మీద బట్టీ కాలిన మచ్చకి రాసింది. అదే చేతి మీద, దాని పక్కనే ఇంకో మచ్చకి నెలీదా ఎప్పటినుంచో మా వేయించిన నూనె రాస్తోంది. కొన్నివారాలకి నెలీదా చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు పెట్టింది. పచ్చినూనె రాసిన మచ్చ పలచబడి చర్మంలో కలిసిపోతోంది. వేయించిన నూనె రాసిన మచ్చ రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అంటే మంగలం వేడికి ఆ నూనెలో సారమంతా పోయింది. ఓర్ఫెలీనా కుడి చెంప మీద అన్ని నెలలుగా రాస్తున్నది వాసన మాత్రమే.

"నువ్వే చెప్పు," అంది నెలీదా.

"నీ నోటికి అడ్డూ అదుపూ లేదుగా, నువ్వు చెబితేనే బాగుంటుంది," అంది ఉబెర్లిందా. ఇలాంటప్పుడే నేను గుర్తొస్తాను వీళ్ళకి.

చెప్పాను. ఓర్ఫెలీనా తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత, "నా చేతి వేపుడు వల్ల చెడిందంటావా?" అంది.

"చేతి వల్ల కాదక్కా, వేడి వల్ల."

"వేడి నా చేతిదేగా." లేచి వెళ్ళిపోయింది. వారం రోజులు నా గడప తొక్కలేదు. పచ్చిగింజలు మేకలు తింటాయి, మనుషులు కాదని ఊరంతా చాటింది. తర్వాత ఒక సోమవారం వచ్చి కుర్చీలో కూలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ఆ పచ్చిది ఇవ్వు. అక్టోబరుకి ఇంకా వ్యవధి ఉందిగా? సరిపోతుందిగా?" అంది. నేను సరిపోతుందన్నాను. రెండు నెలలు కష్టపడితే కాస్తయినా కనిపిస్తుందని నాకూ ఆశే.

మర్నాడు మధ్యాహ్నం రేడియోవాడు చదివాడు. "ఓర్ఫెలీనా కాంపోస్ గారికి. అక్టోబరు దాకా ఆగలేను. గురువారం బస్సులో వస్తున్నాను. చలి, ఎదురు రావద్దు. ఎరిబెర్తో."

గురువారం పొద్దున్న ఆవిడ నా గదిలోకి వచ్చేటప్పటికి పేలపిండి వాసన ముందు వచ్చింది.

"మళ్ళీ ఆ పాతదే రాసుకున్నావా?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"పచ్చివాసనతో మొగుడి ముందుకెళ్ళమంటావా? ఎలాగూ రెండూ పనిచెయ్యవు ఈ రెండు రోజుల్లో. కనీసం ఇది కమ్మగా ఉంటుంది." కుర్చీలో కూర్చుంది. "ఆ అద్దం మీద తువ్వాలు వెయ్యవే. చూడలేను."

వేశాను. బస్సు ఆగేది నా గదికి ఎదురుగానే. ఊరికొచ్చే దారిలో సొరంగం అవతల మంచు తోస్తున్నారని బస్సు ఆలస్యమైంది. నెలీదా రొట్టెలు వదిలేసి వచ్చింది, ఉబెర్లిందా మేకల్ని వదిలేసి వచ్చింది. చివరికి బస్సు వచ్చింది. బొచ్చుటోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి దిగి, వీధిలో అటూ ఇటూ చూసి, ఎవరినో అడిగాడు. వాళ్ళు నా తలుపు చూపించారు.

లోపలికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఓర్ఫె," అన్నాడు.

ఆవిడ తిరగలేదు. "అక్టోబరన్నావుగా."

"ఉండలేకపోయాను."

"ఇంకా పూర్తి కాలేదు. సగమే అయింది."

"ఏం సగం?"

వీపు ఆయన వైపు పెట్టే అంతా చెప్పింది. ఫోటో సంగతి, క్రీము సంగతి, నాలుగు సగం మొహాల సంగతి.  "ఒక పక్క రాశాను, ఒక పక్క రాయలేదు. నువ్వే చూసి చెప్పు ఏ పక్కో. చెప్పలేకపోతే..." మిగతాది అనలేదు. కళ్ళు మూసుకుని కుర్చీ తిప్పింది.

ఆయన వంగి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.  నెలీదా ఆప్రాన్ అంచు నోట్లో కుక్కుకుంది. ఏదో ఒక పక్క చూపించవయ్యా మహానుభావా, తప్పయినా సరే, అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను.

"నాకు తెలియడంలేదు," అన్నాడు.

ఓర్ఫెలీనా పెదాలు బిగించింది. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. అప్పుడాయన ఇంకా దగ్గరికి వంగాడు. కుడి చెంప దగ్గర ఆగాడు. ఒకసారి గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"ఇది," అన్నాడు. "ఇది మన మంగలం వాసన."

అని ఆ చెంపకి తన మొహం ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అక్కడ ఎన్ని షాపులు తిరిగానో ఓర్ఫె. గోధుమలు కొని నేనే వేయించుకున్నాను. మాడేవి. ఒక్కసారి కూడా ఈ వాసన రాలేదు."

మేం ముగ్గురం గోడవైపు తిరిగాం. కాసేపటికి ఓర్ఫెలీనా గొంతు వినిపించింది, మామూలు గొంతు. "లోపలికొచ్చి ఇంతసేపయింది, ఆ టోపీ తియ్యవేం?"

ఆయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "చలి," అన్నాడు.

"పొయ్యి పక్కన చలేంటి? తియ్యి."

తీశాడు. తల నున్నగా, గుండ్రంగా, మా కిటికీ వెలుగు దానిలో మెరిసేలా ఉంది. ఇన్నేళ్ళూ ఆయన పంపిన ప్రతి ఫోటోలోనూ టోపీ ఎందుకుందో అప్పుడు తెలిసింది.

"దానికి మాత్రం నా దగ్గర నూనె లేదు బావా," అంది ఉబెర్లిందా.

ఓర్ఫెలీనా నవ్వింది. అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నవ్వుతోంటే ఎడమ చెంప మీద గీతలన్నీ ఒక్కసారి లేచాయి. ఆయన నవ్వు ఆపి వాటి మీద వేలు పెట్టాడు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

ఆవిడ మొహం తిప్పుకోబోయింది. ఆయన తిప్పుకోనివ్వలేదు.

"ఇంటికప్పు మంచుకి కూలిన ఏడు," అంది చివరికి. "నేనే పైకెక్కి రేకులు కొట్టాను."

"ఇది?"

"మీ అమ్మ పోయినప్పుడు. నిన్నే పిలుస్తూ పోయింది."

"ఈ చిన్నది?"

"ఒక క్రిస్మస్. నీ కబురు వస్తుందని రోజంతా రేడియో ముందు కూర్చున్నాను. రాలేదు."

ఆయన చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు. "ఈ పక్క ఏమీ రాయకు ఓర్ఫె," అన్నాడు. "వీటిల్లో ఒక్కదానికీ నేను లేను. పోగొట్టకు. నన్ను చూసుకోనివ్వు."

ఆ తర్వాత మేం పచ్చినూనె తీసే పద్ధతి నేర్చుకున్నాం, పరీక్షలు ముగించాం. జిడ్డు మొహాలకి అడవిగులాబి రెండు చుక్కలు చాలు, హేజెల్ నూనె నెలీదాకి మొటిమలు తెప్పించింది. పొడి మొహాలకి హేజెల్ నూనే కావాలి, ఉబెర్లిందా చర్మం దాంతోనే మెత్తబడింది. కందిపోయే మొహానికి మతీకో నీళ్ళు తప్ప ఏదీ రాయకూడదు, అది నా మొహమే సాక్షి. వయసొచ్చిన చర్మానికి అడవిగులాబి, పచ్చిగా తీసింది, ఓపికతో. ఆ ఇండియా బావంచాలు నేను రాసి చూడలేదు, చూస్తే చెబుతాను. పిల్లలకి ఈ మేరకే చెబుతాను. మిగతాది చెప్పను.

ఓర్ఫెలీనాకి ఇప్పుడు ఎనభై దాటాయి. ప్రతి శనివారం నా కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడకి మాత్రం పచ్చినూనె పనికిరాదు. తనే వేయించి తెచ్చుకున్న సీసా, కుడి చెంపకి మాత్రమే. ఎరిబెర్తో ఉన్నంతకాలం పక్కనే బల్ల మీద కూర్చుని, నేను సరిగ్గా కుడి పక్కకే రాస్తున్నానా అని కాపలా కాసేవాడు. పోయిన చలికాలం ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక మొదటి శనివారం ఆవిడ వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. కుడి చెంపకి రాశాను. ఇంక చూసేవాళ్ళు లేరుగా, పాపం చలికి ఎండిపోయి ఉందిగా అని, నూనె వేళ్ళు ఎడమ చెంప మీదకి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకునే నా చెయ్యి పట్టుకుంది.

"అటు వద్దే," అంది. "అది ఆయనది."

వేళ్ళకి మిగిలిన నూనె ఏం చెయ్యాలో తెలియక నా మొహానికే రాసుకున్నాను. సాయంత్రానికి కళ్ళూ చెంపలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎవరడిగినా ఆ నూనె నాకు పడదని చెప్పాను.